ఎనిమిది అడుగుల పాతర

సోహ్నా,
18 ఫిబ్రవరి 2025

మామయ్యగారికి నమస్కారం.

ఈ ఉత్తరం పాల వ్యాన్ నడిపే సత్‌బీర్ చేతికిచ్చి పంపుతున్నాను. ఫోనులో మాట్లాడదామంటే మీకు సగం వినబడదు, మిగతా సగం నేను అరిచి చెప్పాలి. మొన్న అలా అరుస్తుంటే పక్క డైరీ ఆవిడ పరుగెత్తుకొచ్చి "దీదీ, ఇంట్లో ఏమైనా గొడవా" అని అడిగింది. మీ చెవి మిషను బాగయ్యేదాకా మనకు ఉత్తరాలే గతి. పొద్దున పాలతోపాటు మీకు, సాయంత్రం ఖాళీ క్యాన్లతోపాటు నాకు.

మీ అబ్బాయి శనివారం వచ్చి ఆదివారం వెళ్ళిపోయారు. ఢిల్లీలో ఆ సాకేత్ ఆఫీసు ఆయన్ని బాగానే పిండుతోంది. వచ్చినంతసేపూ దూడల దగ్గర కూర్చుని లాప్‌టాప్ చూసుకున్నారు. దూడలకు అలవాటైపోయింది.

అసలు సంగతికి వస్తాను. ఆవుల మేత పాతర తొందరగా తరిగిపోతోంది. అక్టోబరులో మొక్కజొన్న చొప్ప ముక్కలు కొట్టించి, రెండు గోడల మధ్య తొక్కించి, ప్లాస్టిక్ పట్టా కప్పి, పైన టైర్లు పెట్టి మూశాం కదా. ఆ రోజు మీరే స్టీలు టేపు పట్టుకుని కొలిచి, ఇందులో పదమూడు వందల క్వింటాళ్ళ పైనే ఉంది, జూలై చివరిదాకా దిగులు లేదన్నారు. ఇరవై ఐదు ఆవులు, తలా ఇరవై కిలోలు, రోజుకు ఐదు క్వింటాళ్ళు. నవంబరు రెండో వారంలో ముందు కొస విప్పాం. మీ లెక్క ప్రకారం ఇప్పటికి ఇరవై రెండు అడుగుల మేర తరగాలి. నిన్న టేపు పెట్టి చూస్తే ముప్ఫై అడుగులు పోయింది. అరవై అడుగుల పాతరలో సగం ఖాళీ.

ఈ లెక్కన మే నెలలోనే అయిపోతుంది. కొత్త జొన్న పచ్చిమేత జూలైకి గాని రాదు. ఆ మధ్యలో ఏం పెట్టాలో నాకు తెలియడం లేదు.

మీరు టన్నులంటారు, మీ పుస్తకం పౌండ్లంటుంది, ఇక్కడివాళ్ళు నలభై కిలోల మన్‌లంటారు, నేను క్వింటాళ్ళంటాను, మేత వేసే మల్లేశం గంపలంటాడు. ఇన్నింటి మధ్య ఎక్కడైనా జారిపోయిందేమో ఒకసారి చూడండి. పైపొరలో బూజు పట్టినది మల్లేశం గీకి తీసి పక్కవాళ్ళ గేదెలకు ఇస్తున్నాడు, అది పెద్ద లెక్కలోకి రాదు.

మోకాలికి నూనె రాసుకుంటున్నారా?

మీ కోడలు,
వైశాలి

వసంత్ కుంజ్,
20 ఫిబ్రవరి 2025

అమ్మా వైశాలీ,

మోకాలు బాగుంది. నీ ఉత్తరం చదివాక తలే కొంచెం వేడెక్కింది.

నా లెక్క తప్పని నువ్వు రాయలేదు. రాయకుండానే రాశావు. ఫరవాలేదు, తనిఖీ అంటే నాకు కోపం లేదు. తూనికలు కొలతల శాఖలో ముప్ఫయ్యేళ్ళు ఊళ్ళు తిరిగి కిరాణా కొట్ల కాటాలు తనిఖీ చేసినవాణ్ణి, నన్ను తనిఖీ చేస్తే కాదంటానా. ఇదిగో చూసుకో.

పొడవు అరవై అడుగులు, వెడల్పు పదిహేను. గోడల ఎత్తు ఆరు, గోడల మీద కుప్ప మరో రెండు, మొత్తం ఎనిమిది. హెచ్చవేస్తే ఏడు వేల రెండు వందల ఘనపుటడుగులు. బాగా అణిగిన పాతర గడ్డి ఘనపుటడుగుకు నలభై పౌండ్లని పుస్తకం. అంటే రెండు లక్షల ఎనభై ఎనిమిది వేల పౌండ్లు. కిలోల్లోకి మారిస్తే లక్షా ముప్ఫై వేల ఆరు వందల చిల్లర. వెయ్యిన్నీ మూడు వందల ఆరు క్వింటాళ్ళు. కాగితం మీద చేశాను, కాలిక్యులేటరు మీద చేశాను, నోటితో చేశాను. మూడూ ఒకటే చెప్పాయి.

లెక్క సరిగా ఉండి సరుకు తక్కువైతే దానికి ఒక్కటే అర్థం. ఇది మా శాఖలో మొదటి రోజే నేర్పుతారు. గడ్డికి కాళ్ళు లేవు. పక్కవాళ్ళ గేదెలకు బూజు పొర ఇస్తున్నాడని నువ్వే రాశావు. బూజు పేరు చెప్పి మంచిది ఎంత పోతోందో చూశావా? ఒక కాటా తెప్పించి, అతను ఎత్తే ప్రతి గంపనూ తూచు. అనుమానిస్తున్నట్టు కాదు, పద్ధతి కోసం.

ఆశీస్సులతో,
సదాశివరావు

సోహ్నా,
2 మార్చి 2025

మామయ్యగారికి నమస్కారం.

కాటా తెప్పించాను. తెప్పించినందుకు నా మీద నాకే కోపంగా ఉంది.

మల్లేశం మీకు పెద్దగా తెలియదు. అశోకా రోడ్డు వైపు మెస్సులో గిన్నెలు తోముతుంటే, సిద్దిపేట యాస వినబడి మీ అబ్బాయే మాట కలిపి తీసుకొచ్చారు. నాలుగేళ్ళయింది. నేను సాఫ్ట్‌వేర్ ఉద్యోగం మానేసి మొదటి ఆవును కొన్నప్పుడు దాని పొదుగు ఎలా పట్టుకోవాలో కూడా నాకు రాదు. అతనికీ అంతంతమాత్రమే వచ్చు. ఇద్దరం కలిసి తన్నులు తిని నేర్చుకున్నాం. కిందటేడు ఈత కష్టమైన ఆవు దగ్గర అతనూ, వాళ్ళ ఆవిడ అనసూయా పూటంతా కూర్చున్నారు. దూడ బతికింది.

అలాంటివాడు గంప ఎత్తగానే "ఆగు, కాటా మీద పెట్టు" అన్నాను. మొదటి రోజు నవ్వాడు. రెండో రోజు నవ్వలేదు. "ఏమైందమ్మా" అని అడిగాడు. పెద్దసారు పద్ధతి కోసం చెప్పారన్నాను. తలూపి గంప కాటా మీద పెట్టాడు.

రోజుకు ఐదు క్వింటాళ్ళే తూగుతోంది, ఒక్క గంప ఎక్కువ లేదు. బూజు పొర కూడా తూచాను, రోజుకు రెండు గంపలు కూడా కాదు. ఇక చాలించవచ్చు అనుకున్నాను. కాని పాతర వైపు చూస్తే మాత్రం ముందు ముఖం అదే వేగంతో వెనక్కి పోతోంది. తూచింది ఐదే, తరుగుతున్నది ఆరున్నర పైన. ఇది నాకు అర్థం కావడం లేదు మామయ్యగారూ. మనిషిని చూస్తే ఒకలా ఉంది, టేపు చూస్తే ఇంకోలా ఉంది.

ఇక్కడ పొద్దుటి చలి తగ్గింది. ఆవాలు కోతకొస్తున్నాయి, పొలాలన్నీ పసుపు పోయి గోధుమరంగుకు తిరిగాయి. మల్లేశం ఈమధ్య ఒక పాత బైకు తెచ్చుకున్నాడు, అనసూయను వెనక కూర్చోబెట్టుకుని సంతకు పోతున్నాడు. ఇద్దరినీ చూస్తే ముచ్చటేస్తుంది. మీరు లెక్క మళ్ళీ ఒక్కసారి చూడండి, పెద్దవారు, ఎక్కడైనా పొరపడి ఉండవచ్చు.

వైశాలి

వసంత్ కుంజ్,
5 మార్చి 2025

వైశాలికి,

పెద్దవారు, పొరపడి ఉండవచ్చు. బాగుందమ్మా. నాకు పోయినవి చెవులు, లెక్క కాదు. డెబ్భై రెండేళ్ళకు మనిషి ఎక్కాలు మరిచిపోతాడని నీకెవరు చెప్పారు?

నువ్వు రాసిన దాంట్లోనే జవాబుంది, నీకు కనబడటం లేదు. తూచినప్పుడు ఐదు, తరుగుతున్నది ఆరున్నర. అంటే ఆ ఒకటిన్నర నువ్వు తూచనప్పుడు పోతోంది. నువ్వు పాలు పంపడానికి రోడ్డు మీదికి వెళ్తావు, బ్యాంకుకు వెళ్తావు. పాతర వైపు గేటు ఎప్పుడూ తెరిచే ఉంటుంది. పైగా బైకు. మెస్సులో గిన్నెలు తోమినవాడికి బైకు ఎక్కణ్ణించి వచ్చింది? ఇంటిదొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు, ఈశ్వరుడి దగ్గర తాళం లేదు కాబట్టి. నీ దగ్గర ఉంది. గేటుకు తాళం వేసి చెవి నీ దగ్గర పెట్టుకో. తరవాత అతణ్ణి సూటిగా అడుగు. గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునేవాడెవడో తెలిసిపోతుంది.

మావాడు రవికిరణ్‌తో మాట్లాడాను. మే నెలలో మేత లేకుండా ఇరవై ఐదు నోళ్ళు నువ్వొక్కదానివి ఎలా సాకుతావని వాడికి బెంగగా ఉంది. పరిస్థితి ఇలాగే ఉంటే ఏప్రిల్‌లోగా సగం ఆవుల్ని అమ్మేయడం మంచిదంటున్నాడు. నేను అవుననలేదు, కాదనలేదు. ఆలోచించు.

సదాశివరావు

సోహ్నా,
19 మార్చి 2025

మామయ్యగారికి,

మల్లేశం వెళ్ళిపోయాడు.

మీ ఉత్తరం వచ్చిన రోజే తాళం కొన్నాను. మీకెందుకు అబద్ధం చెప్పాలి, మీ లెక్కకన్నా మీ చివరి నాలుగు వాక్యాలకే ఎక్కువ భయపడ్డాను. ఆవుల్ని అమ్మించి నన్ను వసంత్ కుంజ్ ఫ్లాట్‌కు రప్పించాలని మీరూ మీ అబ్బాయీ కూడబలుక్కున్నారని అనిపించింది. ఈ డైరీ నిలవాలంటే గడ్డి ఎటు పోతోందో నాకు తెలియాలి, ఎవరో ఒకరు తీస్తూ ఉండి ఉంటే నా పని సులువవుతుంది. అలా ఆలోచించాను. అప్పుడది నాకు తప్పుగా తోచలేదు.

పొద్దున గంప పట్టుకుని తాళం చెవి అడగడానికి వచ్చాడు. ఇవ్వలేదు. "మల్లేశం, రోజూ ఒకటిన్నర క్వింటాలు ఎటు పోతోంది?" అని అడిగాను. గంప కింద పెట్టాడు.

"నేనే తీస్కపోతున్న అనుకుంటున్నవా అమ్మా?" అన్నాడు.

నేను తాళం చెవి మెడలో వేసుకున్నాను. అది చూసి, "నాకు లెక్కలు రావు. గంపలు ఎత్తుడే వచ్చు. అది ఎటు పోతున్నదో నాకెట్ల తెలుస్తది" అన్నాడు. కోపం లేదు, ఏడుపు లేదు. మర్నాడు అనసూయ తీగ మీది బట్టలు తడిగా ఉండగానే తీసి మూట కట్టింది. జీతం లెక్క చూస్తాను ఆగమంటే ఆగలేదు.

ఇది జరిగి పది రోజులు దాటింది. ఇద్దరు కొత్తవాళ్ళను పెట్టాను. తాళం చెవి నా మెడలోనే ఉంది, గంప గంపా నేనే నిలబడి తూస్తున్నాను. ఐదు క్వింటాళ్ళకు మించి ఒక్క పరక బయటికి పోలేదు. మామయ్యగారూ, పాతర ఇప్పటికీ అదే వేగంతో తరుగుతోంది.

ఇప్పుడు ఎవరిని అనుమానించమంటారు? నన్నా?

వైశాలి

వసంత్ కుంజ్,
20 మార్చి 2025

వైశాలీ,

ఒక్క సంగతి చూసి చెప్పు. పాతర వెనక్కొస ఇంకా విప్పలేదు కదా. అక్కడ పట్టా మీద టైర్లు పెట్టినవి పెట్టినట్టే ఉన్నాయా? గడ్డి గోడకన్నా ఎంత పైకి ఉంది? టేపు పెట్టి చూడు. తొందరగా.

నిన్ను రప్పించాలని నేనెప్పుడూ అనుకోలేదు. అది తరవాత మాట్లాడుకుందాం.

సదాశివరావు

సోహ్నా,
21 మార్చి 2025

మామయ్యగారికి,

టైర్లు కదల్లేదు. చలికాలం వానలకు పట్టిన మట్టి వాటి మీద ఎండి అలాగే ఉంది. పట్టాకు ఒక్క చిల్లు లేదు. వెనక్కొసను ఎవరూ ముట్టలేదని ప్రమాణం చేసి చెప్పగలను.

గోడకన్నా పైకి ఏమీ లేదు. గోడతో సమానంగా ఉంది.

మూసిన రోజు అక్కడ రెండడుగుల కుప్ప ఉండేది, మీరు నిచ్చెన వేయించుకుని మరీ కొలిచారు. అది ఏమైపోయింది?

వైశాలి

వసంత్ కుంజ్,
23 మార్చి 2025

అమ్మా వైశాలీ,

ఏమీ కాలేదు. కిందికి దిగింది.

నీ ఉత్తరం రాగానే ఆ పుస్తకం తీశాను. ఘనపుటడుగుకు నలభై పౌండ్లన్న చోట ముందు ఒక మాట ఉంది, "బాగా అణిగిన" అని. నీకు రాసిన ఉత్తరంలో ఆ మాట నేనే స్వయంగా రాశాను. రాసిన చేతికి బుర్ర తోడు రాలేదు. తొక్కే ట్రాక్టరు ఆ రోజు మధ్యలో చెడిపోతే పైభాగమంతా మనుషులతో తొక్కించారు, గుర్తుందా? నేను కొలిచినప్పుడు గడ్డి దూదిలా పొంగి ఉంది. నెల తిరిగేసరికి తన బరువుకు తనే కుంగి, రెండడుగులు దిగి, అప్పుడు గట్టిపడింది. ఎనిమిదడుగుల ఎత్తు ఉన్నరోజు దానికి నలభై పౌండ్లు లేవు. నలభై పౌండ్లు వచ్చేసరికి ఎనిమిదడుగులు లేదు. నేను ఎత్తు పొంగిన గడ్డిది తీసుకున్నాను, బరువు అణిగిన గడ్డిది తీసుకున్నాను, రెంటినీ హెచ్చవేసి పౌండ్లను కిలోలుగా గ్రాము తేడా లేకుండా మార్చాను. మార్చడంలో తప్పు లేదు. మార్చిన సరుకే లోకంలో లేదు.

ఆరడుగులతో వేస్తే తొమ్మిది వందల ఎనభై క్వింటాళ్ళు. అడుగుకు పదహారు చిల్లర. నువ్వు ఫిబ్రవరిలో కొలిచిన ముప్ఫై అడుగులకూ, ఆవులు తిన్నదానికీ అతికినట్టు సరిపోతోంది. తక్కువైన మూడు వందల ఇరవై ఆరు క్వింటాళ్ళు ఎన్నడూ లేవు. పుట్టని గడ్డిని మల్లేశం దొంగిలించాడన్నాను. ఒక కొట్టువాడి కాటా అరతులం తేడా ఉంటే ఊరందరి ముందూ జరిమానా వేసినవాణ్ణి నేను. నాకు సిగ్గుగా ఉందమ్మా. ఈ మాట చిన్నగా రాయను.

నీ మేత సంగతి. ఇప్పుడు మిగిలింది మూడు వందల పాతిక క్వింటాళ్ళ దాకా ఉంటుంది. ఏప్రిల్‌లో గోధుమ కోతలయ్యాక ఎండు గోధుమ గడ్డి, ఇక్కడివాళ్ళ భూసా, దొరుకుతుంది. పాతర గడ్డి తలా పన్నెండు కిలోలకు తగ్గించి, మిగతాది భూసా, దాణాతో నింపితే జూలైకి చేరుకోవచ్చు. పాలు తగ్గుతాయి. ఆవులు మిగులుతాయి. ఒక్క ఆవును అమ్మవద్దు. రవికిరణ్‌కు నేను చెప్పాను, వాడు బెంగ కొద్దీ అన్నాడే గాని నిన్ను రప్పించాలని కాదు. నేను మధ్యలో ముక్తసరిగా రాసి నిన్ను భయపెట్టాను.

మల్లేశం ఛావ్లా ఊరి దగ్గర ఒక డైరీలో పనికి కుదిరాడని సత్‌బీర్ చెప్పాడు. నేను వెళ్తున్నాను. నువ్వు రావద్దు. నేను వేసిన ముద్ర నేనే తుడవాలి.

సదాశివరావు

వసంత్ కుంజ్,
28 మార్చి 2025

అమ్మా వైశాలీ,

వెళ్ళి వచ్చాను. సత్‌బీర్ తన వ్యాన్‌లోనే తీసుకెళ్ళాడు. పాల క్యాన్ల మధ్య కూర్చుని వెళ్ళడం నా హోదాకు సరిపోయింది.

వాళ్ళ గది రేకుల షెడ్డు చివర. అనసూయ నన్ను చూసి కుర్చీ వేసింది గాని పలకరించలేదు. మల్లేశం పేడ చేతులతోనే వచ్చి నిలబడ్డాడు. నేను కూర్చోలేదు. పాతర ఎలా కుంగిందో, నేనెక్కడ తప్పానో చెప్పడం మొదలుపెట్టాను. రెండు వాక్యాలయ్యాక అర్థమైంది, అతనికి కావలసింది ఈ లెక్క కాదని. ఆపేసి, తప్పు నాది, నిన్ను దొంగన్నాను, క్షమించమన్నాను. బైకు సంగతి కూడా తెలిసింది. ఊరికి వెళ్ళిపోతూ అనసూయ తమ్ముడు వదిలేసి పోయిందట.

అతను ఏదో అన్నాడు. నాకు సరిగా వినబడలేదు. మళ్ళీ చెప్పమన్నాను. ఒకసారి అనడానికే కష్టమైన మాటను పాపం రెండోసారి గట్టిగా అనవలసి వచ్చింది.

"పెద్దసారూ, మీరు నన్ను ఎన్నిమార్లు చూసిండ్రు? మీరు దొంగ అనుకుంటె అనుకోండ్రి. అమ్మ నాలుగేండ్ల సంది రోజు చూస్తున్నది. అమ్మ గూడ నమ్మిందా?"

ఏం చెప్పమంటావు? దారి పొడుగునా నా తప్పుకు జవాబులు సిద్ధం చేసుకున్నాను, నీ గురించి అడుగుతాడని అనుకోలేదు. నువ్వు నమ్మలేదని చెప్పాను. నేనే పోరుపెట్టి తాళం వేయించానని, నువ్వు ఏడ్చావని చెప్పాను. అతని ముఖం కొంచెం తేటపడింది. వాళ్ళావిడ వైపు చూశాడు. సోమవారం పొద్దున సత్‌బీర్ వ్యాన్‌లో వస్తానన్నాడు.

జన్మలో ఏ తప్పుడు కాటాకూ ముద్ర వేయలేదు, ఈ ఒక్కదానికి వేశాను. నీ డైరీకి అతను కావాలి, అతనికీ నువ్వు కావాలి. వచ్చాక ఆ విషయం ఎత్తకు.

సదాశివరావు

సోహ్నా,
31 మార్చి 2025

మామయ్యగారికి నమస్కారం.

మల్లేశం పొద్దున వచ్చాడు. అనసూయ మూటతో సహా వ్యాన్‌లోనే కూర్చుంది, ముందు అతను దిగాడు. ఆవులు అతని గొంతు వినగానే అన్నీ ఒక్కసారి తలలెత్తాయి. నాకు దుఃఖం ఆగలేదు. చిన్న దూడ దగ్గరకెళ్ళి దాని చెవుల వెనక గోకి, పాతర వైపు నడిచాడు.

మీరు ఎత్తవద్దన్నారు. రెండు రోజులుగా ఎత్తకూడదనే అనుకున్నాను. మీరు నా మీద ప్రేమతోనే ఆ మాట చెప్పారు, అది నాకు తెలుసు. కాని అతను నవ్వుతూ గంప అందుకుని, "నేను దొంగనంటె నువ్వు నమ్మవని నాకు ఎరికేనమ్మా, అనసూయతోని అదే చెప్పిన" అన్నాడు. రోజూ ఆ నవ్వు చూస్తూ ఆ మాట దాచుకోవడం నా వల్ల కాదనిపించింది.

"నమ్మాను మల్లేశం" అన్నాను. "పెద్దసారు చెప్పినందుకు కాదు. నువ్వే తీస్తున్నావని తేలితే నా డైరీ నిలుస్తుందని, నమ్మడమే నాకు సులువని నమ్మాను."

అతను గంప గోడకు ఆనించి పెట్టాడు.

"పెద్దసారు అట్ల జెప్పిండని వచ్చిన అమ్మా. లేకుంటె రాకపోదును" అన్నాడు. అంతే. వ్యాన్ ఎక్కాడు. సత్‌బీర్ నా వైపు చూశాడు, ఏం చేయమంటారన్నట్టు. నేను పొమ్మని చెయ్యి ఊపాను.

మీకు కోపం వస్తుంది, రానివ్వండి. మీ అబద్ధాన్ని అలా వదిలేసి ఉంటే ఇవాళ మల్లేశం ఇక్కడే ఉండేవాడు, నా పని సగం తగ్గేది. అయినా చెప్పినందుకు నేను బాధపడటం లేదు. బాధ ఇంకొకటి ఉంది. నమ్మానని చెప్పాను, ఎందుకు నమ్మానో చెప్పాను. తప్పయిందని మాత్రం అనలేదు. ఆ మాట మీరు చెప్పి వచ్చారు కదా అని, నాది కూడా అందులో కలిసిపోయిందనుకున్నట్టున్నాను.

ఆదివారం నేను ఛావ్లా వెళ్తున్నాను. రమ్మని అడగడానికి కాదు.

మీ కోడలు,
వైశాలి